తాత కెప్టెన్ కాడు: తిరుమలగిరి నుంచి ఫ్రాన్స్ వెళ్ళిన ఒక అశ్వికుడి రికార్డుల కేసు

పాత సైనికుల రికార్డులు వెతికిపెట్టడం నా పని. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన ఒక రిటైర్డ్ టీచరమ్మ కేసు ఇది. ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో తెలుగు. పేర్లు, సర్వీసు నంబర్లు ఇక్కడ రాయడం లేదు. మిగతాది ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ఆమె అడిగింది ఇది: "మా తాత బ్రిటిష్ ఆర్మీలో కెప్టెనండీ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గుర్రం మీద పోరాడుతూ చనిపోయాడు. ఆయన ఫైలు లండన్‌లో కాలిపోయిందన్నారు. ఇంకేమైనా దొరుకుతుందా?"

కెప్టెన్ కాదు, యుద్ధంలో చనిపోలేదు. ఫైలు కాలిపోయిన మాట నిజం. కానీ ఫైలు పోతే మనిషి ఆచూకీ పోయినట్టేనని చాలామంది అక్కడితో వదిలేస్తారు. బ్రిటిష్ సైన్యం ఒక సైనికుడి గురించి ఒకే చోట రాసుకోలేదు. జీతం ఇచ్చేవాళ్ళు ఒకచోట, పతకాలు పంచేవాళ్ళు ఇంకోచోట, పెన్షన్ లెక్క చూసేవాళ్ళు మరోచోట, ఎవరి అవసరానికి వాళ్ళు రాసుకున్నారు. డబ్బు కదిలిన ప్రతిచోటా ఒక కాగితం పుట్టింది. ఈ కేసు మొత్తం ఆ కాగితాల వెంట నడిచిందే.

చేతిలో ఉన్నవి

ఆమె దగ్గర ఉన్నవి: రిబ్బన్ లేని ఒక గుండ్రటి వెండి పతకం, యూనిఫాంలో నిలబడ్డ తాత ఫోటో, 1913లో తిరుమలగిరిలో జరిగిన తాత, నానమ్మల పెళ్ళి నమోదుకు తర్వాతెప్పుడో తీయించిన నకలు, 1914 ఫిబ్రవరిలో పుట్టిన తన తండ్రి బాప్టిజం సర్టిఫికెట్.

కెప్టెన్ సంగతి ఫోటోతోనే తేలిపోయింది. ఎడమ మణికట్టుకు కాస్త పైన, మొన పైకి ఉన్న రెండు పట్టీలు కనిపిస్తున్నాయి. ఇంట్లో వాళ్ళు వాటినే ఆఫీసరు గుర్తులనుకున్నారు. అవి మంచి నడవడి పట్టీలు. శిక్షలు లేకుండా నిర్ణీత కాలం పనిచేసిన మామూలు సైనికులకు ఇచ్చేవారు. ఆఫీసర్లకు అవి ఉండనే ఉండవు. అంటే ఏ గుర్తును చూసి కెప్టెన్ అనుకున్నారో, ఆయన కెప్టెన్ కాదనడానికి ఆ గుర్తే రుజువు. అయినా ఒక్క ఫోటోను నమ్మి ఇంత మాట చెప్పకూడదు. కమిషన్ పొందిన ఆఫీసర్ల పేర్లు సర్కారు ప్రకటనల పత్రిక లండన్ గెజెట్‌లో అచ్చవుతాయి, ఆర్మీ లిస్టులో రెజిమెంట్ల వారీగా ఉంటాయి. రెండూ చూశాను. ఆయన లేడు.

కుటుంబాల్లో హోదాలు తరం తరానికీ పెరుగుతాయి. సార్జెంట్ కొడుకు నోట మేజర్ అవుతాడు, మనవడి నోట కల్నల్ అవుతాడు. నేను చూసిన కేసుల్లో తగ్గిన హోదా ఒక్కటీ లేదు.

పతకం బ్రిటిష్ వార్ మెడల్. ఇది లక్షల మందికి ఇచ్చినదే, దాన్ని చూసి ఎవరూ పొంగిపోనక్కర్లేదు. విలువంతా అంచు మీద ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇలాంటి గుండ్రటి బ్రిటిష్ పతకాల అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఇచ్చేవారు. పాలిష్ పెట్టీపెట్టీ అక్షరాలు అరిగిపోయాయి. టార్చిలైటును అడ్డంగా పట్టి, లెన్సు పెట్టి చదివితే నంబరు, ప్రైవేట్ (అంటే మామూలు సిపాయి) అన్న హోదా, ఏడవ డ్రాగూన్ గార్డ్స్ అన్న అశ్విక దళం (కావల్రీ) పేరు తెలిశాయి. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి పతకం ఉంటే ఒక మనవి: చింతపండు, బ్రాస్సో పెట్టి తోమకండి.

ఆయన ఇంటిపేరు ఇంగ్లండులో మన వెంకటేశ్వర్లంత మామూలు పేరు. ముందున్న పేరూ అంతే. పేరుతో వెతికితే వందల మంది వస్తారు. అంచు మీది ఆ నంబరు లేకపోతే ఈ కేసు మొదటి వారంలోనే ఆగిపోయేది.

ఆ రెజిమెంటు సికింద్రాబాద్‌లో ఏం చేస్తోంది

1914లో యుద్ధం మొదలయ్యేనాటికి ఏడవ డ్రాగూన్ గార్డ్స్ సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉంది. ఇరవయ్యో డెక్కన్ హార్స్, ముప్ఫై నాలుగో పూనా హార్స్‌లతో కలిసి అది సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. డెక్కన్ హార్స్ పాత హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి వచ్చిన దళం. అంటే నిజాం ఖర్చు మీద పెరిగిన సేన వారసులూ, ఇంగ్లండు మిల్లుల ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళూ ఒకే బ్రిగేడ్‌లో ఉన్నారు. ఈ బ్రిగేడ్ 1914 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగింది. డిసెంబరులో ఫెస్టుబర్ దగ్గర గుర్రాలు వదిలేసి కందకాల్లో పోరాడింది. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర ఏడవ డ్రాగూన్ గార్డ్స్, డెక్కన్ హార్స్ కలిసి గుర్రాల మీద దాడి చేశాయి. మెషిన్ గన్లు రాజ్యమేలుతున్న చోట బల్లేలు పట్టుకుని గుర్రాలెక్కి వెళ్ళడం అప్పటికే వింత, అందుకే ఆ దాడి చాలా చోట్ల రాతకెక్కింది. "గుర్రం మీద పోరాడుతూ" అన్న ఇంటి మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకిక్కడ అర్థమైంది.

రెజిమెంటు చరిత్ర మనిషి చరిత్ర కాదు. చాలా కుటుంబ వృత్తాంతాల్లో ఇదే జరుగుతుంది: దళం ఎక్కడెక్కడ పోరాడిందో వెతికి, ఆ చోట్లన్నిటికీ తాతను పంపించేస్తారు. ఆయన ఆ రోజు ఆసుపత్రిలో ఉండొచ్చు, గుర్రాల డిపోలో ఉండొచ్చు, వేరే దళానికి మారిపోయి ఉండొచ్చు. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 (వార్ ఆఫీస్ కాగితాల్లో 95వ వరుస) కింద యూనిట్ల యుద్ధ డైరీలున్నాయి. చదవడానికి బాగుంటాయి కానీ వాటిలో సాధారణంగా ఆఫీసర్ల పేర్లే ఉంటాయి. మామూలు సైనికులు అంకెలుగా కనిపిస్తారు: ఇంతమంది మృతి, ఇంతమంది గాయాలు.

చనిపోయాడా లేదా

ఇది త్వరగా తేలింది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా సర్వీసులో ఉండి చనిపోయినవాళ్ళ లెక్క ఉంచింది. శవం దొరకనివాళ్ళ పేర్లు కూడా ఏదో ఒక స్మారకం గోడ మీద ఉంటాయి. ఆ నంబరుతో, ఆ దళంతో అందులో ఎవరూ లేరు. యుద్ధంలో పోయిన సైనికుల పేర్లతో 1921లో అచ్చేసిన జాబితాలోనూ లేరు. ఒకదానిలో లేకపోతే పొరపాటు అనుకోవచ్చు. రెండింటిలోనూ లేకపోతే బతికున్నాడనే అనుకుని ముందుకెళ్ళాలి.

ఈ మాట చెప్పినప్పుడు టీచరమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "మరి తిరిగెందుకు రాలేదు?" నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

కాలిన ఫైళ్ళు

1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులు లండన్‌లోని ఆర్న్‌సైడ్ స్ట్రీట్ వార్ ఆఫీస్ గోదాము మీద పడ్డాయి. 1914-20 మధ్య పనిచేసిన సైనికుల సర్వీసు ఫైళ్ళలో దాదాపు 60 శాతం బూడిదయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం అంచులు కాలి, మంటలార్పిన నీళ్ళకు నాని ఉన్నాయి. వాటినే డబ్ల్యూఓ 363 అంటారు. మా పనిలో ఉన్నవాళ్ళు వాడుకగా కాలిన కాగితాలు అంటారు. పెన్షన్ శాఖ దగ్గర వేరుగా ఉండటం వల్ల తప్పించుకున్న కొన్ని ఫైళ్ళు డబ్ల్యూఓ 364లో ఉన్నాయి. రెండింట్లోనూ మనవాడు లేడు.

ఇంకో అవకాశం ఉంది. 1920 తర్వాత కూడా సైన్యంలో కొనసాగినవాళ్ళ ఫైళ్ళు ఆ గోదాములో లేవు, రక్షణ శాఖ దగ్గరే ఉండిపోయాయి. 2022 నుంచి అవి విడతలవారీగా నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరుతున్నాయి. ఇలాంటివాళ్ళను పట్టుకునే గుర్తు ఏమిటంటే, 1920లో సైన్యం పాత రెజిమెంటు నంబర్లు తీసేసి మొత్తం సైన్యానికి ఒకే వరుసలో కొత్త నంబర్లు ఇచ్చింది. మన మనిషికి కొత్త నంబరు ఎక్కడా కనిపించలేదు. కాబట్టి అంతకు ముందే బయటికి వచ్చాడు.

ఇక ఫైలు ఆశ వదిలేసి మెడల్ ఇండెక్స్ కార్డు తీశాను. డబ్ల్యూఓ 372 వరుసలో ఉండే ఈ కార్డులు అరచేతంత ఉంటాయి. పతకాలు ఎవరికి పంపాలో తెలియడానికి గుమాస్తాలు రాసుకున్నవి. చరిత్ర కోసం రాసినవి కావు కాబట్టే నాకు వాటి మీద నమ్మకం. మనవాడి కార్డులో మూడు పతకాలున్నాయి. ఒకటి 1914 స్టార్. 1914 ఆగస్టు 5 నుంచి నవంబరు 22 అర్ధరాత్రి లోపు ఫ్రాన్స్‌లోనో బెల్జియంలోనో పనిచేసినవాళ్ళకే అది ఇచ్చారు. అంటే సికింద్రాబాద్ నుంచి మొదటి ఓడల్లో వెళ్ళినవాళ్ళలో ఈయనా ఒకడు. ఆ స్టార్ ఇంట్లో లేదు. 1950ల్లో ఇల్లు గడవక అమ్మేశారని తర్వాత తెలిసింది.

అదే కార్డులో రెండో దళం పేరు, దాని పక్కన రెండో నంబరు ఉన్నాయి: మెషిన్ గన్ కోర్, అశ్విక విభాగం. 1916 మొదట్లో కావల్రీ రెజిమెంట్ల మెషిన్ గన్ సెక్షన్లను తీసి బ్రిగేడ్‌కొక స్క్వాడ్రన్‌గా కూర్చారు. ఈయన అందులోకి వెళ్ళాడు. దీంతో హై వుడ్ దాడిలో బల్లెం పట్టుకుని దూకిన దృశ్యం అనుమానంలో పడింది. ఆ రోజు ఆయన స్క్వాడ్రన్‌తో ఉండి ఉంటే చేతిలో ఉండేది వికర్స్ మెషిన్ గన్ సరంజామా, వెంట ఉండేది సామాను మోసే గుర్రం. నేను రిపోర్టులో "బ్రిగేడ్ ఆ ప్రాంతంలో ఉంది" అని మాత్రమే రాశాను.

రెండో నంబరు దొరకడం వల్ల అసలు లాభం వేరే ఉంది. తర్వాతి కాగితాలు పాత నంబరుతో ఉండవు. చాలామంది వెతుకులాట ఇక్కడే ఆగుతుంది. మొదటి నంబరు పట్టుకుని పెన్షన్ రికార్డుల్లోకి వెళితే ఖాళీ చేతులతో తిరిగొస్తారు.

మొదటి నంబరునూ ఊరికే వదల్లేదు. 1907 నుంచి డ్రాగూన్లూ, డ్రాగూన్ గార్డులూ ఒకే నంబర్ల వరుసలో చేరేవారు. ఈయన నంబరుకు ముందూ వెనకా ఉన్నవాళ్ళలో ఫైళ్ళు కాలకుండా మిగిలినవాళ్ళెవరో చూశాను. వాళ్ళు వేరే రెజిమెంట్లలో ఉన్నా ఫరవాలేదు, వరుస ఒకటే కదా. చుట్టుపక్కల నంబర్లవాళ్ళందరూ 1908 శరదృతువులో చేరినవాళ్ళే. పక్కింటివాళ్ళ ఫైళ్ళ నుంచి ఈయన చేరిన కాలం తెలిసింది. రోజు తెలియదు, కానీ నెలల తేడాలో తెలిసింది. 1911 జనాభా లెక్కల్లో విదేశాల్లో ఉన్న బ్రిటిష్ దళాల వాళ్ళను పేరుపేరునా రాశారు. అక్కడ ఆయన వయసు, పుట్టిన ఊరు దొరికాయి: లాంకషైర్‌లో ఒక నూలు మిల్లుల ఊరు.

పెళ్ళి నమోదు

పెళ్ళి నకలు ఇంట్లో ఉన్నా, అసలు నమోదు చూడాలనుకున్నాను. సికింద్రాబాద్, తిరుమలగిరి పాదిరీలు తమ రిజిస్టర్ల ప్రతులను మద్రాసుకు పంపేవారు, అక్కణ్ణించి లండన్‌కు వెళ్ళేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో, మద్రాసు ప్రెసిడెన్సీ వరుస ఎన్/2లో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ చేసిన సూచికలో ముందు పేరు పట్టుకుని, తర్వాత స్కాన్ చూడవచ్చు. తెలుగు జిల్లాల్లో బ్రిటిష్ దళాలున్న మచిలీపట్నం, విశాఖ లాంటి ఊళ్ళ నమోదులకూ దారి ఇదే.

ఇంట్లో ఉన్న నకలులో లేనిది అసలులో ఉంది: పెళ్ళికొడుకు తండ్రి పేరు, వృత్తి నేతపని. లాంకషైర్ ఊరితో అది సరిపోయింది. నంబరు, వయసు, తండ్రి, ఊరు నాలుగూ కలిశాక గానీ "ఇతనే" అని రాయలేదు.

ఆ రోజుల్లో సైనికుడు పెళ్ళి చేసుకోవాలంటే కమాండింగ్ ఆఫీసరు అనుమతి కావాలి. అనుమతించేది కొద్దిమందికే. వాళ్ళ భార్యలను రెజిమెంటు లెక్కలో చేర్చుకునేవారు: క్వార్టరు, రేషను, దళం కదిలితే ఓడ ఖర్చు. అనుమతి లేకుండా చేసుకున్నవాడి పెళ్ళి చర్చిలో చెల్లుతుంది కానీ సైన్యం దృష్టిలో ఆ భార్య లేనట్టే. 1914లో రెజిమెంటు ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు ఈమె ఎనిమిది నెలల పిల్లాడితో సికింద్రాబాద్‌లోని రైల్వే కాలనీ లాలాగూడలో పుట్టింట్లోనే ఉంది. లెక్కలో ఉన్న భార్య కాదని నా అంచనా. అంచనా అనే రిపోర్టులో రాశాను, ఎందుకంటే దానికి కాగితం లేదు. యుద్ధం మొదలవగానే ప్రభుత్వం ఈ తేడా పక్కనపెట్టి, లెక్కలో లేని భార్యలకూ ఎడబాటు భత్యం (సెపరేషన్ అలవెన్స్) ఇవ్వడం మొదలుపెట్టింది. సైనికుడి జీతంలో కొంత కోసి, దానికి సర్కారు డబ్బు కలిపి భార్యకు పంపేది. పెళ్ళి నకలు తీయించింది బహుశా దీనికోసమే.

పెన్షన్ లెడ్జరు

కేసు తిరిగింది ఇక్కడ. యుద్ధం తర్వాత పెన్షన్ శాఖ రాసుకున్న లక్షల కార్డులు, లెడ్జర్లు పనికిరావని పారేసే దశకు వస్తే, వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అనే సంస్థ వాటిని తీసుకుని కాపాడింది. అరవై లక్షలకు పైగా రికార్డులు. ఇప్పుడు స్కాన్ అయి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఫైళ్ళు కాలిపోయిన సైనికులకు ఇంతకంటే పెద్ద వరం లేదు. ఇక్కడ మంటల ప్రభావం అసలు లేదు.

మెషిన్ గన్ కోర్ నంబరుతో వెతికితే ఆయన పేజీ వచ్చింది. 1919లో విడుదల. జబ్బు మలేరియా. "సర్వీసు వల్ల పెరిగింది" అని పక్కన. పెన్షన్ శాఖ "సర్వీసు వల్ల వచ్చింది", "సర్వీసు వల్ల పెరిగింది" అని రెండు రకాలుగా రాసేది. ఇక్కడ రెండోది. సికింద్రాబాద్‌లో పట్టుకున్న చలిజ్వరం ఫ్రాన్స్ కందకాల్లో తిరగబెట్టి ఉంటుంది. వైకల్యం శాతం కట్టి, కొన్ని వారాలకొకసారి డాక్టర్ల బోర్డు ముందు నిలబెట్టి, పెన్షను తగ్గిస్తూ వచ్చారు. చిరునామా లాంకషైర్‌లోని ఆ ఊరే.

అదే పేజీలో కుటుంబం గడి నిండి ఉంది. భార్య పేరు, పెళ్ళి తేదీ, కొడుకు పేరు, పుట్టిన తేదీ. టీచరమ్మ దగ్గరున్న బాప్టిజం సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే. కొడుకు పేరు మీద అదనపు భత్యం మంజూరైంది. ఇంగ్లండు వెళ్ళిన మనిషి ఇక్కడి భార్యాబిడ్డల్ని దాచిపెట్టలేదు, సర్కారు ముందు రాసిచ్చాడు. ఆ భత్యం లాలాగూడ చేరిందా, లాంకషైర్‌లోనే ఖర్చయిందా అన్నది లెడ్జరు చెప్పదు. చేరిందని నేను చెబితే టీచరమ్మ సంతోషించేది. కానీ చెప్పలేదు.

1924 దగ్గర ఎర్ర సిరాతో ఒక గీత, మృతి. వితంతువుల కార్డుల్లో ఇంకో కాగితం దొరికింది: లాలాగూడ చిరునామాతో భార్య పెట్టుకున్న అర్జీ. తిరస్కరించారు. చావుకు కారణం పెన్షన్ ఇచ్చిన జబ్బు కాదన్నది వాళ్ళ వాదన. ఇంగ్లండు జనన మరణాల కార్యాలయం నుంచి తెప్పించిన మరణ సర్టిఫికెట్‌లో న్యుమోనియా అని ఉంది. కబురు చెప్పినవారి గడిలో అక్క పేరు. రెండో పెళ్ళి చేసుకున్నాడేమోనని ఇంగ్లండు వివాహ సూచికలు 1919 నుంచి 1924 దాకా చూశాను. ఆ ఊళ్ళో, చుట్టుపక్కల జిల్లాల్లో ఈయనకు సరిపోయే నమోదు ఏదీ లేదు. ఇలాంటి కేసుల్లో ఇది తప్పకుండా చూడాల్సిన విషయం, అడగడానికి కుటుంబాలు మొహమాటపడతాయి కూడా.

అంటే ఆ నానమ్మకు 1924లోనే అంతా తెలుసు. భర్త ఎక్కడ, ఎప్పుడు పోయాడో తెలిసే అర్జీ పెట్టింది. మరి కొడుక్కి ఫ్రాన్స్ అని ఎందుకు చెప్పింది? తిరిగిరాని భర్త కంటే యుద్ధంలో పోయిన భర్త గురించి చెప్పుకోవడం కాలనీలో తేలిక అయి ఉంటుందని టీచరమ్మే అన్నారు. నేను దాన్ని ఆమె మాటగానే రిపోర్టులో పెట్టాను.

రిపోర్టు ఇచ్చాక

ఇద్దరు ముగ్గురు బంధువులు ఫోన్ చేశారు. అందరి ప్రశ్నా ఒకటే: దీంతో బ్రిటన్ వీసా వస్తుందా? పూర్వీకుల వీసాకు తాతో అమ్మమ్మో నానమ్మో బ్రిటన్‌లో పుట్టి ఉండాలి. టీచరమ్మకు ఆ లంకె ఉంది, కానీ అక్కడ పని చేసే ఉద్దేశం కూడా చూపించాలి. ఆమె ఈ వయసులో లాలాగూడ దాటి వెళ్ళేది లేదన్నారు. ఆమె కొడుక్కి ఆయన ముత్తాత, కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే. ఈ విషయం పని మొదలుపెట్టే ముందే చెప్పడం నా అలవాటు, లేకపోతే చివర్లో గొడవలవుతాయి.

అమ్మేసిన 1914 స్టార్ గురించి కూడా అడిగారు. ఆ స్టార్ వెనక వైపు ఆయన నంబరు, పేరు కొట్టి ఉంటాయి. పతకాల వేలంపాటల జాబితాల్లో నంబరుతో అలర్టు పెట్టుకోమన్నాను. అది ఎవరో కలెక్టరు బీరువాలో ఉండి ఉంటే ఏదో ఒక రోజు బయటికి రావచ్చు, ఖరీదు మాత్రం వాళ్ళు చెప్పిందే.

ఇప్పుడు టీచరమ్మ తన నానమ్మ వైపు పూర్వీకుడి గురించి అడుగుతున్నారు. ఆయన 1858కి ముందు ఈస్టిండియా కంపెనీ మద్రాసు ఆర్టిలరీలో చేరిన యూరోపియన్ సైనికుడని ఇంట్లో మాట. కంపెనీ వాళ్ళ సేన కాగితాలు వార్ ఆఫీసు దారిలో రావు, ఆ 1940 మంటలకూ వాటికీ సంబంధం లేదు. మద్రాసు సైన్యం మస్టర్ రోల్స్ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎల్/ఎంఐఎల్/11 కింద ఉన్నాయి. ఏడాదికొక జాబితా, ప్రతి సైనికుడూ ఏ ఓడలో వచ్చాడో, ఏ ఊరివాడో, అంతకు ముందు ఏ పని చేసేవాడో వివరాలతో సహా. ఈసారి ఇంట్లో పతకం లేదు, నంబరూ లేదు. పేరు మాత్రం అదృష్టవశాత్తూ అరుదైనది. 1857 రోల్ నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టాను.